మల్లికి ఐదు వలలు

గుర్రం ముందు పాయసం ఆకు పెట్టిన చెయ్యి మా ఎదురింటామెది. ఆ చేతి మీదుగా ఇన్నేళ్లూ మా ఇంటికి పులుసు గిన్నెలు వచ్చాయి, మా ఇంటి కరివేపాకు ఆ చేతికే పోయింది. అయినా మొన్న షామియానా కింద అందరూ చూస్తుండగా ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకొని ఇవతలికి లాగేశాను. చావింట్లో రచ్చ చేసిందని వీధి వీధంతా నన్ను ఆడిపోసుకుంటోంది. ఆడిపోసుకోనీ. ఏం జరిగిందో మొదటినుంచీ చెబుతాను, తప్పెవరిదో విన్నవాళ్లే అంటారు.

పోయినాయన మా వీధి చివర గుర్రంతో ఉండేవాడు. పేరు చెప్పను. బతికున్నన్నాళ్లూ ఒక్కరూ పేరుపెట్టి పిలవలేదు. పిసినారి అన్నారు, కసాయి అన్నారు. ఇప్పుడు పేరెందుకు? మా మామ ఆయన్ని అన్నా అనేవాడు గనక నాకు పెద్దమామ. ఒకప్పుడు తిరుపతి రైల్వేస్టేషను బయట జట్కా తోలాడు. జట్కాలు పోయి ఆటోలు వచ్చాక ఒక తెల్ల ఆడగుర్రాన్ని తెచ్చుకొని పెళ్లి ఊరేగింపులకు తోలుకుపోయేవాడు. దాని పేరు మల్లి. ఆయనకు పెళ్లాం పిల్లలు లేరు. మల్లి, దాని పక్కన ఒక నల్ల మేక. అంతే సంసారం.

"గుర్రం సరే, మేకేంటికి పెద్దమామా?" అని నేను కొత్తలో అడిగాను.

"ఒంటిగా ఉంటే గుర్రం దిగులు పడతాది మే. దానికి మేక, నాకు అది. నీకు మీ ఆయన లేడా, అట్లే," అన్నాడు.

మనిషితో మాట్లాడేటప్పుడు ఆయన మనిషి మొహం చూడడు, మల్లి చెవులు చూస్తాడు. చెవులు ముందుకు ఉంటే మాట్లాడతాడు. వెనక్కి వాలాయంటే, "పొమ్మంటాండాది, పో," అని ముఖం తిప్పేసుకుంటాడు. కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. గొంతుక్కూర్చుంటాడు, నెత్తిన తుండుగుడ్డ, ఆ గుడ్డలో ఎప్పుడూ రెండు గడ్డిపోచలు. పొద్దున లేచీ లేవగానే మల్లి నాలుగు గిట్టల మీదా ఒకటొకటిగా అరచెయ్యి ఆనించి చూస్తాడు, మనం పిల్లల నుదురు పట్టుకొని జ్వరం చూసినట్టు. చూసి ఆ చెయ్యి తన చెంపకు ఆనించుకుంటాడు. ఆ తర్వాతే మొహం కడుక్కునేది.

ఆయన నోటికి ఊరంతా భయపడేది. ఆయనకొక ఊతపదం ఉంది, "చేతులిరగ్గొట్టి పుత్తూరు బస్సెక్కిస్తా!" అని. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాళ్లు ఉన్నారు గదా, అందుకు. మల్లి తోక లాగిన పిల్లలకూ అదే మాట, చెవి దగ్గర డప్పు కొట్టిన మేళగాళ్లకూ అదే మాట. ఒకసారి ఊరేగింపులో పెళ్లికొడుకు ఫోటోకోసమని కళ్లెం గట్టిగా గుంజాడట. వీధి మధ్యలో గుర్రాన్ని ఆపేసి, "పెండ్లికొడకా, ఇంకోతూరి గుంజినావంటే చేతులిరగ్గొట్టి పుత్తూరు బస్సెక్కిస్తా. తాళి మీ తమ్ముడు కడతాడులే," అన్నాడట. ఆడపెళ్లివాళ్లు నవ్వి నవ్వి చచ్చారని మా ఆయన వచ్చి చెప్పాడు.

మా వీధి వెనకాల అప్పట్లో పెద్ద బయలు. మల్లి పగలంతా అక్కడ నాలుగడుగులు వేస్తూ, నాలుగు పోచలు కొరుకుతూ తిరిగేది, వెనకాల మేక. తర్వాత ఆ బయల్లో రాళ్లు పాతారు, రంగు జెండాలు కట్టారు, చుట్టూ గోడ లేపారు. ప్లాట్లన్నారు. ఇల్లు మాత్రం ఈనాటికీ ఒక్కటి లేవలేదు. వాన పడితే లోపల మోకాలెత్తు పచ్చిక. మల్లి మాత్రం ఆయన ఇంటి ముందు పాకలోకి వచ్చిపడింది. గోడ కట్టిన రోజున ఆయన తిట్టిన తిట్లు నేను చెప్పలేను. తాపీమేస్త్రీ పాపం, "నేను కూలోణ్ని తాతా, నన్నేంటికి తిడతావు?" అంటే, "అయితే యాడుండాడో చెప్పు ఆ కూలి ఇచ్చేటోడు!" అని తాపీ లాక్కున్నాడు. ఆ కూలి ఇచ్చేవాణ్ని మేమెవరమూ ఎప్పుడూ చూడలేదు.

అప్పటినుంచీ ఆయన మధ్యాహ్నం పూట సైకిలేసుకొని చంద్రగిరి దోవలో చేల గట్లకు గడ్డికి పోయేవాడు. మా బుద్ధి గడ్డి తిన్నది ఆ మధ్యాహ్నాల్లోనే.

మా వీధిలో శుక్రవారం ఆవుకు నానబెట్టిన బియ్యం, బెల్లం పెడతారు. మా అత్త పెట్టింది, నేను పెట్టాను. మునిసిపాలిటీవాళ్లు వచ్చి వీధుల్లో తిరిగే ఆవుల్నన్నిటినీ బండెక్కించుకొని పోయారు. ఆవులు పోయినా శుక్రవారం ఆగదు గదా. మల్లి తెల్లగా ఉంది, సాధువు, పెట్టింది కాదనదు. "గుర్రం మాత్రం దేవుడి వాహనం కాదా ఏం?" అని ఎదురింటామె శాస్త్రం చెప్పింది. దాని నుదుట కుంకుమ పెట్టి, బియ్యం బెల్లం చేతిలో వేసి అందిస్తే, ఆ మెత్తటి మూతి అరచేతికి తగిలి ఒళ్లు ఝల్లుమనేది. పుణ్యమంటే ఇదే అనుకున్నాను.

ఆయన చెప్పలేదని కాదు. ఒకసారి చూసి అరిచాడు.

"అది ఆవు గాదు మే! ఆవు గబగబా మింగి, నీడన పండుకొని నెమరేసుకుంటాది. దీనికి నెమరు లేదు. దీని పొట్ట చిన్నది. పొద్దస్తమానం కొంచెం కొంచెం నమలతానే ఉండాల, నడస్తానే ఉండాల. తీపి కుమ్మరించినారంటే అది కాళ్లలోకి దిగతాది."

మేం ఆడవాళ్లం ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వుకున్నాం. తిన్నది కాళ్లలోకి దిగడమేమిటి? తను పెట్టలేడు, పెట్టేవాళ్లను పెట్టనివ్వడు అనుకున్నాం.

వరలక్ష్మీ వ్రతం శుక్రవారం వచ్చింది. మా వీధి ఏడిళ్లలోనూ ఏడు పూజలు. ఎవరి ఇంట్లో చూసినా చక్కెర పొంగలి, పూర్ణాలు, అరటిపళ్లు, నానబెట్టిన శెనగలు. ఎవరికి వాళ్లం ఆయన లేని సమయం చూసి పోయాం. ఎవరికి వాళ్లం ఒక పిడికెడే గదా అనుకున్నాం.

మరునాడు పొద్దున మల్లి అడుగు తీసి అడుగు వెయ్యలేదు. ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి, నిప్పుల మీద నిలబడినట్టు నిలబడింది. ఒళ్లంతా చెమట. ఆయన మొదటి ఇంటినుంచి చివరి ఇంటిదాకా గుమ్మం గుమ్మానికీ వచ్చాడు. ఆ రోజు అరవలేదు.

"ఏం పెట్టినావు మే?"

"నేనేం పెట్టలేదు పెద్దమామా."

"తిట్టను. ఏం పెట్టింటే అది చెప్పు. డాక్టరు అడగతాండాడు."

"పెట్టలేదంటే పెట్టలేదు."

నా వెనకాల గట్టు మీద శెనగలు నానబెట్టిన సత్తుగిన్నె కడగకుండా ఉంది. దాన్ని చూశాడు. పక్కింటికి పోయాడు. పక్కింట్లోనూ అదే మాట. ఏడిళ్లూ ఒకే మాట చెప్పాయి. మా వీధిలో ఏడిళ్లు కలిసి ఒక మాట మీద నిలబడింది ఆ ఒక్కసారే.

రాత్రంతా నాకు కునుకు పడలేదు. తెల్లవారగానే పోయి, "నేను పెట్టినాను. శెనగలు, పొంగలి. అందరూ పెట్టినారు," అన్నాను. పశువుల డాక్టరు అక్కడే ఉన్నాడు. ఆయన నావైపు చూసి, "ఈ ముక్క నిన్న చెప్పి ఉంటే కడుపులో ఉన్నదాన్ని బయటికి తెచ్చే ప్రయత్నమైనా చేసేవాళ్లం కదమ్మా. ఇప్పుడు గిట్టల్లోకి దిగిపోయింది," అన్నాడు. తిన్నది కాళ్లలోకి దిగడం అంటే అదీ.

పెద్దమామ తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా మణికట్టు పట్టుకొని గుర్రం దగ్గరికి ఈడ్చుకుపోయి కూర్చోబెట్టాడు.

"పట్టుకో. నీ బిడ్డ నుదురు పట్టుకున్నట్టు పట్టుకో."

గిట్ట మీద చెయ్యి ఆనించాను. పొయ్యిమీదనుంచి దించిన గిన్నెలా ఉంది. నా చెయ్యి తీసుకోబోతే ఆయన వదల్లేదు. పైన మల్లి పళ్లు కొరుకుతున్న చప్పుడు. చాలాసేపు అట్లాగే పట్టించాడు. చివరకు, "తెలిసిందా?" అన్నాడు. తెలిసిందన్నాను.

తడి ఇసకలో నిలబెట్టి, సోడా అంగడినుంచి ఐసుగడ్డలు తెచ్చి కాళ్లకు కట్టి, మందులు పోసి, నెలరోజులకు దాన్ని నడిపించాడు. కానీ మల్లి మీద మళ్లీ పెళ్లికొడుకు ఎక్కలేదు. ఆ వయసులో ఆయన పూలమార్కెట్టులో మూటలు మోశాడు. మూటలు మోసే మనిషిని చూసి మా వీధి, "గుర్రముండీ కూర్చోబెట్టి సాకతాండాడు సూడు, తిక్కోడు," అంది. అన్నవాళ్లు ఎవరు? ఆ ఏడిళ్లవాళ్లే!

"ఇంక దీన్ని పచ్చికలో వదలకూడదు," అని డాక్టరు చెప్పాడు. వానకు లేచిన లేత పచ్చికలోనూ తీపి ఉంటుందట. అంటే గోడ పడగొట్టినా మల్లికి ఆ బయలు లేనట్టే. కట్టేసి పెట్టాలి, కానీ కట్టేసినట్టు దానికి తెలియకూడదు. అది ఎట్లాగో ఆయన కనిపెట్టాడు.

సూళ్లూరుపేట దిక్కునుంచి పాత చేపల వలలు తెప్పించాడు. ఒకరోజు ఆ వలల కుప్ప తెచ్చి నా ఒళ్లో పడేశాడు. "ఏ చేత్తో పెట్టినావో ఆ చేత్తోనే అల్లు," అన్నాడు. కన్నాలు మరీ చిన్నవైతే మల్లి విసుగొచ్చి తన్నేస్తుంది, పెద్దవైతే గడ్డంతా నిమిషంలో లాగేస్తుంది. రెండు వేళ్లు దూరేంత కన్నం ఉండాలి. రెండు వేళ్లు దూరకపోతే విప్పించేవాడు, మూడు దూరితే విప్పించేవాడు. అట్లా ఐదు సంచులు అల్లాను. వాటిలో ఎండు గడ్డి కుక్కి, పాక చుట్టూ ఐదు చోట్ల వేలాడదీసేవాడు. ఒకదాని దగ్గర నాలుగు పోచలు లాక్కొని, ఇంకోదాని దగ్గరికి నడిచి, అక్కడ నాలుగు లాక్కొని, మధ్యలో నీళ్లతొట్టి, ఇంకో మూల ఉప్పుగడ్డ, గుంజకు కట్టిన వేపకొమ్మ. రోజంతా తిరుగుతూనే ఉండేది, నములుతూనే ఉండేది, బయల్లో తిరిగినట్టే. కింద రాలింది మేకకు. "మా యింట్లో ఎంగిలి తినేది మేకొక్కటే," అనేవాడు.

గడ్డి కూడా ఊరికే పెట్టడు. కసువు అనేవాడు గడ్డిని. సిమెంటు తొట్టిలో గంటసేపు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పిండి, అప్పుడు వలలోకి. గడ్డిలో ఉన్న తీపి నీళ్లలోకి దిగుతుందని. నీళ్లు టీ రంగులో పోయేవి. "బియ్యం కడగడం సూసినాం గానీ కసువు కడిగే మొగోణ్ని ఈడే సూస్తాండాం," అని ఎదురింటామె గుమ్మంలో నిలబడి అనేది. ఆయన వినబడనట్టు పిండుకునేవాడు. ఒకసారి నేను, ఆ నీళ్లు పారబోయడం ఎందుకు, మల్లికే తాపుదామని తొట్టి దగ్గరికి తోలుకొచ్చాను. "ఇరగ్గొడతా!" అని మూడిళ్ల అవతలనుంచి కేక. తీపి తీసేదే అందుకైతే, తీసిన తీపిని మళ్లీ తాపడమా? నా బుర్రకు అప్పుడు ఎక్కింది.

నేను ఆయన్ని మరచిపోలేనిది దీనికోసం కాదు, ఒక ఉదయం కోసం. అవతల అపార్టుమెంటునుంచి బూట్లేసుకొని రోజూ నడకకు వచ్చే ఒకాయన ఉన్నాడు. గోడ అవతల అంత పచ్చిక, ఇవతల గుర్రం ముందు వల. ఆయన అక్కడే నిలబడి ఫోనులో వీడియో తీశాడు. "నోరు లేని జీవాన్ని ఇట్లా హింసిస్తావా?" అన్నాడు.

పెద్దమామ మల్లి చెవులు చూసి, నెమ్మదిగా లేచాడు.

"అప్పా, నువ్వు దినామూ ఈ దోవన నడస్తావే, ఏంటికి?"

"షుగరు. అయితే ఏం?"

"ఇంట్లో నీకు ఎన్ని ఇడ్లీలు పెడతారు?"

"రెండు."

"లడ్డు పెడతారా?"

ఆయన ఫోను కిందికి దించాడు.

"మీ ఆడామె నీకు లడ్డు పెట్టకుండా ఏడిపిస్తాండాదని నేనొచ్చి మీ ఇంటి ముందర వీడియో తీసేదా? దీనికీ అదే రోగం. నీకు మాత్రలుండాయి, దీనికి నేనుండా. నోరు లేని జీవమంటావా? దానికి నోరుండాది. మీకే చెవుల్లేవు!"

ఆ బూట్లాయన వీడియో పెట్టనే పెట్టాడు. మాటలు తీసేసి, వల ఒక్కటే పెట్టాడు. రెండు రోజులు ఎవరెవరో వచ్చి పెద్దమామను తిట్టిపోయారు, చేతిలో బిస్కెట్ల పొట్లాలతో. ఒక్కరూ గిట్ట పట్టుకొని చూడలేదు.

ఆయన పోయింది ఆస్పత్రిలో కాదు. పొద్దున గడ్డి పిండుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. నేను చూసేసరికి నాలుగు వలలు వేలాడుతున్నాయి. ఐదోది ఆయన ఒళ్లో సగం నిండి ఉంది. మేక ఆ వలలోంచి తింటోంది.

చెల్లెలి కొడుకు శ్రీకాళహస్తినుంచి వచ్చి తలకొరివి పెట్టాడు. మంచి పిల్లవాడే, గుర్రాల సంగతి తెలియదు. "దీన్ని నేను తోలకపోతానక్కా. ఒక నెల పచ్చికలో వదిలితే కోలుకుంటాది, మళ్లీ పెండ్లిళ్లకు పనికొస్తాది," అన్నాడు. నెల అక్కర్లేదు, దాన్ని మళ్లీ పడెయ్యడానికి ఒక్క రోజు పచ్చిక చాలు. కానీ చావింట్లో ఏం చెప్పను? పదకొండో రోజు అయిపోనీ అని నోరు మూసుకున్నాను. ఆ పది రోజులూ గడ్డి నేనే కడిగాను.

పదకొండో రోజు ఆ బయలు గోడమీదే పిండం పెట్టారు. కాకి రాలేదు. వచ్చిన ఒక్కటీ వాలి, చూసి, ఎగిరిపోయింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. కడుపులు కాలుతున్న చుట్టాలు ఒకరి తర్వాత ఒకరు గోడ దగ్గరికి పోయి, "నీ మేనల్లుణ్ని మేం సూసుకుంటాం, వచ్చి ముట్టు," అని దండం పెట్టారు. ఉహూ.

అప్పుడు ఎదురింటామె లేచింది. "ఆయన పానమంతా గుర్రం మీదుండాది. బతికినన్నాళ్లూ దాని కడుపు మాడ్చినాడు గదా, ఆ పాపమే అడ్డం పడతాండాది. దానికి కడుపునిండా పెట్టండి, కాకి అదే ముడతాది," అంది. అందరికీ అది సబబుగా తోచింది. మేనల్లుడు తల ఊపాడు. ఆమె అరిటాకు నిండా పాయసం, పూర్ణాలు, వడలు వడ్డించుకొని పోయి మల్లి ముందు పెట్టింది. మల్లి తల వంచింది.

అదిగో, అప్పుడు పట్టుకున్నాను ఆ చేతిని.

ఆకును కాలితో తన్నేశాను. అన్నాన్ని కాలితో తన్నడం పాపమే, తన్నాను. "ఆ రోజు ఏడిళ్లకూ వచ్చి అడిగితే ఏం చెప్పినావు? ఏం చెప్పినాము? ఏం పెట్టలేదన్నాము గదా! దాని కాళ్లు తీసింది మనము, మాడ్చింది ఆయనా? పోయినోడి మీద కూడా అబద్ధమేనా?" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "కాకి ముట్టే పిండాన్ని ఆపతాండావు, పాపిష్టిదానా," అని ఎవరో అన్నారు. "కాకి ఉపాసముండనీ," అన్నాను.

ఇంక వాళ్ల మొహాలు చూడలేదు. ఆకులోంచి మల్లి ఎంత నోటపట్టిందో నాకు తెలియలేదు. కూర్చొని ఒకటొకటిగా గిట్టలు పట్టుకున్నాను. వేడి అంత తొందరగా తెలియదని తెలిసీ పట్టుకున్నాను. తర్వాత తొట్టి దగ్గరికి పోయి గడ్డి నానవేశాను. వెనకాల గోడ దగ్గర ఏదో కలకలం. ముట్టింది, ముట్టింది అన్నారు. ముట్టలేదు, ఎగిరిపోయింది అని ఇంకెవరో అన్నారు. నేను తిరిగి చూడలేదు. ఐదో వలలో ఒక ముడి ఊడి ఉంది, దాన్ని వేసుకుంటున్నాను.

అందరూ ఆకుల ముందు కూర్చున్నాక మేనల్లుడు వచ్చాడు. గుండు మీద ఇంకా తడి. నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. వలలో రెండు వేళ్లు దూర్చి చూశాడు. మల్లి చెవులు ఎటున్నాయో నేను చూశాను. ముందుకే ఉన్నాయి.

"ఎంతసేపు నానాలక్కా?"

"గంట."

"ఈ నీళ్లు?"

"పారబొయ్యాల. దానికి తాపినావంటే చేతులిరగ్గొట్టి పుత్తూరు బస్సెక్కిస్తా."